మొక్కల పాలిమర్ పొరల యాంత్రిక ధర్మాలు: కామారెడ్డి, ఎల్లారెడ్డి ముడిసరుకుల నేపథ్యం

వరి, మక్కజొన్న, పత్తి, సోయా, చింతగింజ, చెట్ల బంక వంటి వాటి నుంచి తీసిన సహజ పాలిమర్‌ను నీటిలోనో తగిన మరో ద్రావణిలోనో కరిగించి, పలుచగా పరిచి ఆరబెడితే మిగిలే రేకును మొక్కల పాలిమర్ పొర అంటారు. మందం సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. లాగితే ఎంత బలానికి తెగుతుంది, తెగేలోపు ఎంత సాగుతుంది, ఎంత బిర్రుగా నిలుస్తుంది, చిరుగు మొదలైతే ఎంత సులువుగా పాకుతుంది, గుచ్చితే ఎంతవరకు ఓర్చుకుంటుంది అన్నవి దాని యాంత్రిక ధర్మాలు. సంచిగా, పొట్లంగా, పొలంలో మల్చింగ్ షీటుగా ఒక పొర పనికొస్తుందో లేదో చాలావరకు వీటితోనే తేలుతుంది.

పరిధి

ఈ వ్యాసంలో సహజ పాలిమర్ అంటే మొక్క తన కణాల్లో తానే నిర్మించుకున్న దీర్ఘ గొలుసు అణువు: స్టార్చ్, సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, పెక్టిన్, గింజల్లోని బంకలు, చెట్టు బెరడు నుంచి కారే బంకలు, గింజల ప్రోటీన్లు. పాలీలాక్టిక్ ఆమ్లం ఈ కోవలోకి రాదు. దాని ముడిసరుకు మొక్కల చక్కెరే అయినా గొలుసును కట్టేది కర్మాగారం. బజారులో 'కంపోస్టబుల్' ముద్రతో దొరికే సంచుల్లో చాలావాటిలో స్టార్చ్‌తో పాటు పీబీఏటీ అనే పాలిస్టర్ ఉంటుంది. అది నేలలో కుళ్లే గుణమున్నదే, కానీ ప్రధానంగా పెట్రోలియం నుంచి వస్తుంది. ఈ తేడా తెలియకపోతే ఆ సంచి సాగే గుణాన్ని స్టార్చ్ ఖాతాలో వేసే ప్రమాదం ఉంది.

చరిత్ర

పొరలు పోయడం తెలుగు నేలకు కొత్త విద్య కాదు. కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో పలుచని బియ్యప్పిండి జావలో గుడ్డను ముంచి, బోర్లించి వేడిచేసిన కుండ మీద ఒక్కసారి లాగి తీస్తే క్షణాల్లో పూతరేకు తయారవుతుంది. శాస్త్ర పరిభాషలో అది ప్లాస్టిసైజర్ కలపని స్టార్చ్ పొర. ఆరిన రేకు ముట్టుకుంటే విరుగుతుంది. తడిగుడ్డ తగిలించగానే మెత్తబడి మడతకు వస్తుంది. ఈ వ్యాసంలో ముందు చెప్పబోయే సిద్ధాంతంలో సగం ఆ ఒక్క చేతిపనిలోనే ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది.

తెలంగాణలో చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంకనీరు కలిపి పూతలుగా పూస్తారు. చుట్టినా విప్పినా బొమ్మ పగలకుండా ఉండటానికి ఆ పూత సాగుదలే ఆధారం. నిర్మల్ బొమ్మల కీళ్లను అతికే చింతలక్కలోనూ రంపపు పొట్టుకు తోడు చింతగింజల జిగురే ఉంటుంది. చేనేత పడుగుకు గంజి పెట్టడం కూడా నూలుపోగు చుట్టూ పలుచని స్టార్చ్ పొర కట్టడమే.

పారిశ్రామిక చరిత్ర 19వ శతాబ్దంలో మొదలైంది. 1846లో షోన్‌బైన్ సెల్యులోజ్ నైట్రేట్‌ను తయారుచేశాడు. 1892లో ఇంగ్లండులో క్రాస్, బెవన్, బీడిల్ విస్కోస్ పద్ధతికి పేటెంటు పొందారు. 1908లో స్విట్జర్లాండ్‌కు చెందిన జాక్ బ్రాండెన్‌బెర్గర్ విస్కోస్‌ను పలుచని పొరగా తీసి సెలొఫేన్ అని పేరు పెట్టాడు. 1927లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ దానిపై తేమను ఆపే పూత వేసింది. ఆ తరువాతే సెలొఫేన్ ఆహార పొట్లాలకు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. బలం మొదటినుంచీ ఉన్నా తేమ సంగతి తేలేదాకా మార్కెట్టు తెరుచుకోలేదన్నది గుర్తించదగిన విషయం. 1933లో ఇంగ్లండులోనే పాలిథిన్ పుట్టింది. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో చవకైన పెట్రోలియం పొరలు సెలొఫేన్‌ను వెనక్కి నెట్టాయి.

విస్కోస్‌కు ముడిసరుకైన రేయాన్ తరగతి గుజ్జు తెలంగాణలోనూ తయారైంది. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలోని కర్మాగారం దానికోసమే ఏర్పడింది. 2014లో అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది.

ముడిసరుకు: కామారెడ్డి, ఎల్లారెడ్డి

2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడివడి ఏర్పడ్డ కామారెడ్డి జిల్లాలో కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ రెవెన్యూ డివిజన్లు ఉన్నాయి. పొరలకు పనికొచ్చే పాలిమర్లలో ప్రధానమైనవన్నీ ఈ ఒక్క జిల్లా పంటల్లోనే కనిపిస్తాయి. 1923–31 మధ్య మంజీర మీద కట్టిన నిజాంసాగర్ కింద వరి పండుతుంది. పోచారం కాలువ కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లోనూ వరే. మెట్ట భూముల్లో మక్కలు. జుక్కల్, మద్నూర్ వైపు నల్లరేగళ్లలో సోయా, పత్తి. చెరకు సరేసరి. రైస్‌మిల్లులో మిగిలే నూకలు స్టార్చ్‌కు, జిన్నింగ్ తరువాత పత్తిగింజకు అంటుకుని ఉండే పొట్టి నూగు సెల్యులోజ్‌కు, నూనె తీసిన సోయా పిండి ప్రోటీన్‌కు, చెరకు పిప్పి సెల్యులోజ్, హెమీసెల్యులోజ్‌లకు ఆధారాలు.

దక్కనులోని ఆకురాల్చే పొడి అడవులు బంకలకు నెలవు. తుమ్మ బంక, చిరుమాను బంక, తపసి బంక, కొండగోగు బంక అందరికీ తెలిసినవే. గట్ల మీది చింతచెట్లు గింజలిస్తాయి.

కొలిచే పద్ధతి

పొరను సన్నని పట్టీలుగా కోసి, రెండు చివరలనూ యంత్రపు దవడల్లో బిగించి, స్థిరమైన వేగంతో లాగుతారు. దీనికి ఏఎస్‌టీఎం డి882, ఐఎస్‌ఓ 527-3 ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి. యంత్రం బలాన్ని, సాగుదలను గీతగా గీస్తుంది. ఆ గీత నుంచే మూడు ముఖ్య విలువలు వస్తాయి.

తెగే ముందు పట్టీ ఓర్చుకున్న గరిష్ఠ బలాన్ని దాని మధ్యచ్ఛేద వైశాల్యంతో భాగిస్తే తన్యతా బలం. ఉదాహరణకు 15 మిల్లీమీటర్ల వెడల్పు, 0.08 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ మధ్యచ్ఛేదం 1.2 చదరపు మిల్లీమీటర్లు. అది 12 న్యూటన్ల వద్ద, అంటే రమారమి 1.2 కిలోల బరువుకు తెగితే దాని తన్యతా బలం 10 మెగాపాస్కల్స్. మందాన్ని పొరపాటున 0.09గా చదివితే ఇదే పట్టీ 8.9 మెగాపాస్కల్స్‌గా నమోదవుతుంది. చేతితో పోసిన పొరల్లో మందం అంచుకూ మధ్యకూ ఇంతకన్నా ఎక్కువే మారుతుంది. కాబట్టి ప్రతి పట్టీకి చాలాచోట్ల మందం చూసి సగటు తీయాలి. తెగేనాటికి పట్టీ ఎంత పొడుగైందో మొదటి పొడవులో శాతంగా చెబితే అది తెగుదల సాగుదల. బలాన్ని మధ్యచ్ఛేదంతో, సాగుదలను మొదటి పొడవుతో భాగించి గీసిన గీత మొదట్లో తిన్నగా ఉన్న భాగపు వాలు యంగ్ గుణకం, అంటే పొర బిర్రుతనం.

ఈ మూడూ ఉన్నా పొర గురించి అంతా తెలిసినట్టు కాదు. చిరుగు పాకే తీరును ఎల్మెండార్ఫ్ లోలకంతో, హఠాత్తుగా పడే దెబ్బను ఓర్చుకునే శక్తిని పైనుంచి జారవిడిచే బరువుతో వేరుగా కొలుస్తారు. పాల ప్యాకెట్టు వంటిదానికి లాగుడు బలం కంటే ఈ రెండే ముఖ్యం. అది చిట్లేది ట్రేలో పడినప్పుడు, అతుకు దగ్గరే. కామారెడ్డిలో పాల సాంకేతిక కళాశాల ఉంది. ప్యాకింగ్ చదివే అక్కడి విద్యార్థులు గమనించవలసిన తేడా ఇది.

పరీక్షకు ముందు పట్టీలను 23 డిగ్రీల సెల్సియస్, 50 శాతం సాపేక్ష ఆర్ద్రత దగ్గర నిలవ ఉంచడం ఆనవాయితీ. పాలిథిన్‌కు ఈ ఆర్ద్రత అంకె ఉన్నా లేకపోయినా ఫలితంలో పెద్ద తేడా రాదు. మొక్కల పొరలకు మాత్రం అదే అసలు అంకె (చూ. నీటి పాత్ర).

అంతర్నిర్మాణం

స్టార్చ్‌లో రెండు రకాల అణువులుంటాయి. అమైలోజ్ దాదాపు కొమ్మలు లేని గొలుసు, అమైలోపెక్టిన్ గుబురుగా కొమ్మలు వేసినది. మామూలు మక్కజొన్న స్టార్చ్‌లో అమైలోజ్ 25 శాతం అటూ ఇటూగా ఉంటుంది. పొడుగు గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో అల్లుకుంటాయి కాబట్టి అమైలోజ్ ఎక్కువైన కొద్దీ పొర గట్టిపడుతుంది. అమైలోపెక్టిన్ ఒక్కదానితో పోసిన పొర బలహీనంగా, పెళుసుగా వస్తుంది.

సెల్యులోజ్‌లోనూ గ్లూకోజ్ ముక్కలే. కాకపోతే వాటిని కలిపే బంధం తీరు వేరు. గొలుసు నిటారుగా సాగి, ఇరుగుపొరుగు గొలుసులతో బిగుసుకుని స్ఫటికంలా అమరుతుంది. సెల్యులోజ్ నీటిలో కరగకపోవడానికీ, దాని పొరలు ఈ వర్గంలో అన్నిటికన్నా బలంగా ఉండటానికీ కారణం అదే. బంకల్లో కొమ్మల తీరే ధర్మాలను శాసిస్తుంది. కొమ్మలు చిన్నవై వెన్నెముక గొలుసు నిటారుగా ఉన్నవి, అంటే చింతగింజలోని జైలోగ్లూకాన్, గోరుచిక్కుడు గింజలోని గ్వార్ వంటివి, మంచి పొరలిస్తాయి. ఒళ్లంతా కొమ్మలతో ఉండలా చుట్టుకునే తుమ్మ బంక అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకోవు. ఆ బంకతో పోసిన పొర ఆరగానే బీటలు వారుతుంది.

నీటి పాత్ర

మొక్కల పాలిమర్ గొలుసుల నిండా హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. గొలుసులను ఒకదానితో ఒకటి బిగించేవి అవే, గాలిలోని తేమను పిలిచేవీ అవే. నీటి అణువు రెండు గొలుసుల మధ్య దూరి, వాటి పరస్పర బంధాన్ని విడదీసి, తానే రెండింటితోనూ బంధం పెట్టుకుంటుంది. గొలుసులకు జారే వీలు చిక్కుతుంది. బలం తగ్గుతుంది, సాగుదల పెరుగుతుంది.

దీన్ని అంకెల్లో చూపేది గాజు సంక్రమణ ఉష్ణోగ్రత. దానికి దిగువన పాలిమర్ పెళుసుగా, ఎగువన మెత్తగా ఉంటుంది. తడి బొత్తిగా లేని స్టార్చ్‌కు అది 200 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటుందని అంచనా. స్టార్చ్‌లో నీరు 20 శాతం దాటేసరికి దాదాపు గది ఉష్ణోగ్రతకు దిగివస్తుంది. అంటే వేడి చేయకుండా, గాలి మారితే చాలు, ఒకే పొర పెళుసు స్థితి నుంచి మెత్తటి స్థితికి పోగలదు.

ఉత్తర తెలంగాణ వాతావరణంలో ఇది పుస్తకాల్లోని సంగతిగా మిగలదు. మే నెలలో ఎల్లారెడ్డిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నపు గాలిలో తేమ బాగా పడిపోతుంది. అప్పుడు పొరలోని నీరు బయటికి పోయి, పొర మడత దగ్గర చిట్లుతుంది. ఆగస్టు ముసురులో అదే పొర తేమ పీల్చి, బరువు తగిలిస్తే మెల్లగా సాగుతూ పోతుంది. 23 డిగ్రీలు, 50 శాతం తేమ అన్న ప్రమాణ స్థితి ఈ రెండు కాలాల్లో దేనికీ ప్రతినిధి కాదు. ఇక్కడి వాడకం కోసం చేసే ఏ పొరనైనా కనీసం మూడు ఆర్ద్రతల దగ్గర, ఉదాహరణకు 30, 50, 80 శాతాల దగ్గర, పరీక్షించి మూడు విలువలూ చెప్పాలి. ఆర్ద్రత చెప్పకుండా ఇచ్చిన తన్యతా బలపు అంకెను మరో అంకెతో పోల్చడానికి వీల్లేదు.

ప్లాస్టిసైజర్లు

నీరు ఆవిరైపోతుంది కనుక అది చేసే పనిని స్థిరంగా చేయడానికి గ్లిసరాల్, సార్బిటాల్ వంటివి కలుపుతారు. గ్లిసరాల్ లేని స్టార్చ్ పొర సాధారణ స్థితిలో సుమారు 30 నుంచి 50 మెగాపాస్కల్స్ వరకు ఓర్చుకుని, కొద్ది శాతమే సాగి తెగుతుంది. పిండి బరువులో 25–30 శాతం గ్లిసరాల్ కలిపితే బలం చాలాసార్లు 10 మెగాపాస్కల్స్ లోపుకు పడిపోతుంది. సాగుదల కొన్ని పదుల శాతాలకు చేరుతుంది. కచ్చితమైన అంకెలు పిండి రకం, ఉడికించిన తీరు, తేమలను బట్టి మారతాయి.

చాలామంది పట్టించుకోని ఒక మలుపు ఇక్కడుంది. గ్లిసరాల్‌ను చాలా తక్కువ మోతాదులో, 10–12 శాతం లోపు, కలిపితే పొర మెత్తబడకపోగా మరింత పెళుసవుతుంది. ఆ కొద్దిపాటి అణువులు గొలుసుల మధ్య ఖాళీల్లో ఇరుక్కుని కదలికను ఇంకా బిగిస్తాయి. పొదుపు చేద్దామని మోతాదు తగ్గిస్తే ఫలితం తిరగబడేది ఇందువల్లే. మోతాదు మరీ పెరిగితే గ్లిసరాల్ పైకి చెమర్చి పొర జిగటగా మారుతుంది. పైగా గ్లిసరాల్ కూడా తేమను పీలుస్తుంది. సార్బిటాల్ అంతగా పీల్చదు కానీ నిలవలో స్ఫటికాలు కట్టే స్వభావం దానిది.

మామిడితాండ్రలో ఇదే పని చక్కెరలు చేస్తాయి. పండులోని పెక్టిన్ పొరను కడితే, చక్కెరలు దాన్ని ఏడాది పొడవునా మెత్తగా ఉంచుతాయి.

కాలం కూడా ఒక కారకం. పోసిన నాడు మెత్తగా ఉన్న స్టార్చ్ పొరలో గొలుసులు రోజులు గడిచేకొద్దీ మళ్లీ స్ఫటికాలుగా పేరుకుంటాయి. బలం కాస్త పెరిగి, సాగుదల తగ్గుతుంది. తయారై ఎన్నాళ్లయిందో నివేదికలో రాయడం అందుకే అవసరం.

రకాలు, వాటి బలాబలాలు

పోలికకు తక్కువ సాంద్రత గల పాలిథిన్‌ను తీసుకుంటే దాని తన్యతా బలం 8 నుంచి 20 మెగాపాస్కల్స్, సాగుదల 200 నుంచి 600 శాతం. సెలొఫేన్ బలం, లాగిన దిశను బట్టి, సుమారు 60 నుంచి 120 మెగాపాస్కల్స్. అంటే పాలిథిన్‌కు ఎన్నో రెట్లు. సాగుదల మాత్రం కొన్ని పదుల శాతాల దగ్గర ఆగిపోతుంది. మొక్కల పొరలు బలహీనమన్న అభిప్రాయం సరికాదని ఈ ఒక్క పోలికతో తేలుతుంది. లోటు ఉన్నది సాగుదలలో, తడి బలంలో.

సోయా ప్రోటీన్ పొరలు ఈ వర్గంలో బలహీనమైనవి. గ్లిసరాల్‌తో పోసినవి చాలావరకు కొన్ని మెగాపాస్కల్స్‌కే తెగుతాయి. క్షార ద్రావణంలో వేడి చేసినప్పుడు ప్రోటీన్ మడతలు విప్పుకుని, గంధకపు బంధాలతో కొత్తగా అల్లుకుంటాయి. అందుకే వండే తీరు కొద్దిగా మారినా పొర మారిపోతుంది. పొడి గాలిలో ఆక్సిజన్‌ను బాగా ఆపడం వీటి మంచి గుణం.

తపసి, కొండగోగు బంకలు ఎసిటైల్ సమూహాలు కలిగినవి. అవి నీటిలో కరగకుండా ఉబ్బుతాయి. నేరుగా పోస్తే పొర గరుకుగా, మచ్చలు మచ్చలుగా వస్తుంది. పలుచని క్షారంతో ఎసిటైల్ సమూహాలను తొలగించాక కరిగి, సాఫీగా పరుచుకుంటాయి. కొండగోగు బంక నిర్మాణం, ధర్మాలపై ఉస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయన శాఖలో వివరమైన పరిశోధన జరిగింది. చెక్ రిపబ్లిక్‌లోని లిబెరెట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఈ బంకను సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్‌తో కలిపి ప్యాకింగ్ పొరలు చేశారు. మన అడవి బంకను అంత దూరాన పొరగా పరీక్షించినప్పుడు, అది సేకరించే ప్రాంతంలో ఆ పని జరగడం ఎంతైనా అవసరం.

బలపరిచే మార్గాలు

మొదటిది గొలుసులను రసాయనికంగా ముడివేయడం. సిట్రిక్ ఆమ్లం స్టార్చ్ హైడ్రాక్సిల్‌లతో ఎస్టర్ బంధాలు కట్టి నీటి తాకిడిని తగ్గిస్తుంది. తక్కువ మిథాక్సిల్ ఉన్న పెక్టిన్‌ను కాల్షియం ముడివేస్తుంది. గ్లుటరాల్డిహైడ్ గట్టిగా ముడివేసినా దాని విషస్వభావం వల్ల ఆహారాన్ని తాకే పొరలకు తగదు.

రెండోది నింపుడు పదార్థాలను చేర్చడం. సెల్యులోజ్ స్ఫటికపు బిర్రుతనం వంద గిగాపాస్కల్స్ పైన ఉంటుంది. నానో పరిమాణపు సెల్యులోజ్‌ను కొద్ది శాతం సమంగా చెదరగొట్టగలిగితే స్టార్చ్ పొర బలం, గుణకం రెండూ పెరుగుతాయి. మోతాదు మించితే అవి ఉండలు కడతాయి. ప్రతి ఉండా చిరుగు మొదలయ్యే చోటవుతుంది.

తెలుగు నేలపై ఈ రంగంలో నిలకడగా సాగిన కృషి అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానిది. ఆచార్య ఎ. వరదరాజులు, ఆయన సహచరులు పత్తి నూగు సెల్యులోజ్‌ను క్షారం, యూరియా కలిపి సున్నాకు పన్నెండు డిగ్రీల దిగువ వరకు చల్లార్చిన నీటి ద్రావణంలో కరిగించి పొరలు పోశారు. చైనాలోని వూహాన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఈ ద్రావణి పద్ధతిలో విస్కోస్‌కు వాడే కార్బన్ డైసల్ఫైడ్ విషద్రవంతో పనిలేదు. చింతగింజల పొడి, అడవి మొక్కల నారలు వంటి స్థానిక పదార్థాలను నింపుడుగా చేర్చి, లాగుడు పరీక్షలు చేసిన పత్రాలు ఈ బృందం నుంచి, దానితో కలిసి పనిచేసిన తమిళనాడులోని కలసలింగం విశ్వవిద్యాలయం నుంచి వెలువడ్డాయి. మద్నూర్ పత్తికి, ఎల్లారెడ్డి చింతగింజకు నేరుగా వర్తించే పద్ధతి ఇదే. కరెంటు ఖర్చు, యూరియా ద్రావణిని తిరిగి వాడుకోవడం ఇందులో తేల్చుకోవలసిన అంశాలు.

మూడోది పూత. సెలొఫేన్ చరిత్రలో ఫలించింది ఇదే (చూ. చరిత్ర). మైనం, లక్క వంటివి పలుచగా పూస్తే తేమ చేరే వేగం తగ్గుతుంది.

వినియోగం

పొర ధర్మాన్ని బట్టి పని ఎంచుకోవాలి. బెల్లం, మిఠాయిలు, మందు పొడుల పొట్లాలకు సాగుదల పెద్దగా అక్కర్లేదు, తడి తగలదు. స్టార్చ్, సెల్యులోజ్ పొరలు ఈ పనికి ఇప్పటికే చాలును. కూరగాయల మళ్లలో పరిచే మల్చింగ్ షీటు ఎండకూ వానకూ గురవుతూ పంటకాలమంతా నిలవాలి, ఆ తరువాత నేలలో కలవాలి. మొక్కలు నాటే కార్యక్రమాల నర్సరీల్లో మొక్కలు పెంచే సంచి నెలల తరబడి తడిమట్టి బరువు మోయాలి. ఈ రెంటికీ పనికొచ్చే కొలమానం తడి బలమే. ముడివేయని, పూతలేని స్టార్చ్ పొర అందులో నెగ్గదు. పాల ప్యాకెట్టు అన్నిటికన్నా కఠినమైన పరీక్ష: లోపల ద్రవం, అతుకులు, పైనుంచి పడే దెబ్బలు. దానికి ఒంటరి మొక్కల పొర చాలదు.

నియమాలు

భారతదేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులలో గుర్తించిన కొన్నిటిపై 2022 జూలై 1 నుంచి నిషేధం అమలైంది. ప్లాస్టిక్ చేతిసంచుల కనీస మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెరిగింది. కంపోస్టబుల్ ప్లాస్టిక్ సంచులకు ఈ మందం నియమం వర్తించదు. వాటికి ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి. ఆ ప్రమాణం ప్రకారం పారిశ్రామిక కంపోస్టు పరిస్థితుల్లో 180 రోజుల లోపు కర్బనంలో 90 శాతం జీవక్రియతో విచ్ఛిన్నం కావాలి, 84 రోజులకు 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పదోవంతుకు మించి మిగలకూడదు. సంచి ఎంత బరువు మోయాలి, ఏ తేమలో తెగకుండా ఉండాలి అన్నది అందులో లేదు. కొనేవారు తన్యతా బలం, సాగుదల, అవి కొలిచిన ఆర్ద్రత తెలిపే పరీక్ష నివేదికను వేరుగా అడిగి తీసుకోవాలి.